ఆకురాయి పెట్టిన ఫోర్కు

కైరోలో పియానోలు శ్రుతి చేసేవాళ్ళలో ఉస్తా బహ్గత్, అంటే బహ్గత్ మేస్త్రీ, ఆఖరివాడని అంటుంటారు. అది నిజం కాదు. ఆయన పోయి ఏడేళ్ళయింది, ఊళ్ళో ఇంకా ఇద్దరున్నారు. అందులో ఒకడికి చెవుడు, అది వేరే సంగతి. బహ్గత్ లాంటి చెవి మాత్రం ఆ ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. ఈ మాట మెచ్చుకోలుగా అనడం లేదు. అంత చెవి లేకపోతే ఆయన ఆ పాపం చేసేవాడే కాదు.

నా పేరు వదీ. ఇమాదుద్దీన్ వీధి వెనక సందులో, మూడో అంతస్తులో ఉండే రికార్డింగ్ స్టూడియోలో ఇరవై ఆరేళ్ళు స్వరాలు రాసే గుమస్తాగా పనిచేశాను. ఫిడేళ్ళవాళ్ళ కాగితాలు ఫిడేళ్ళవాళ్ళకు, పిల్లనగ్రోవివాడిది పిల్లనగ్రోవివాడికి, ఒక్క కొట్టివేత లేకుండా రాసిచ్చేవాణ్ణి. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని మా యజమాని ఉస్తాద్ ఖైరీ ఎప్పుడూ అనేవాడు. జీతం పెంచమన్నప్పుడు మాత్రం ఆ ముత్యాలు ఆయన కంటికి ఆనేవి కావు.

బహ్గత్‌ది పుట్టుకతో వచ్చిన పని. వాళ్ళ నాన్న దొరల బంగళాల్లో పియానోలు సరిచేస్తుంటే ఏడేళ్ళ వయసు నుంచీ ఈయన పియానోల కింద కూర్చుని పెరిగాడు. ఆ తర్వాత దొరలు ఓడలెక్కారు. పియానోలు చేతులు మారాయి. కొన్న ఇళ్ళలో వాటి మీద గాజుగ్లాసులూ పెళ్ళిఫోటోలూ పెట్టుకున్నారు గానీ వాయించినవాడు లేడు. బహ్గత్ షుబ్రా పేటలో విధవ అక్కగారింట్లో ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఏ పిల్ల గొంతూ ఆయన శ్రుతికి నిలవలేదని మేం ఏడిపించేవాళ్ళం. చెయ్యెత్తు మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, జేబులో శ్రుతి ఫోర్కు. వీధి చివర బీన్స్ అమ్మేవాడు కుండ మీద గరిటె కొడితే ఆగి, "కుండ మార్చావా? నిన్నటికంటే కిందికి పలుకుతోంది" అనేవాడు. వాడు, "నీకు పెట్టడానికే మార్చాను, తిని పో" అనేవాడు.

ఆ ఫోర్కు గురించి చెప్పాలి. కొడితే ఒకే స్వరం పలికే, శ్రుతి చూసుకునే ఇనపఫోర్కులు పియానో మెట్లకు సరిపోతాయి గానీ, మా పాటల్లో ప్రాణమున్న స్వరం ఒకటి పియానోలో ఉండదు. నల్లమెట్టుకీ దాని పక్క తెల్లమెట్టుకీ మధ్య ఎక్కడో ఉంటుంది. సీకా అంటాం. బహ్గత్ ఒక ఫోర్కు తీసుకుని దాని మొదట్లో ఆకురాయి పెట్టి పదిహేను రోజులు అరగదీశాడు. రెండు మెట్లకూ సరిగ్గా నట్టనడుమ పలికేదాకా. ఊద్ అనే తంతివాద్యం వాయించేవాళ్ళు నవ్వారు.

"సీకాని గజంబద్దతో కొలుస్తావా ఉస్తా?"

"మీరు మూరేసి కొలుస్తున్నారు. ఎవడి చెయ్యి పొడుగుని బట్టి వాడి మూర. నాది గజం. అందరికీ ఒకటే" అన్నాడు.

నవ్వినవాళ్ళే తర్వాత ఒక్కొక్కరూ వచ్చి ఆ ఫోర్కుతో తంతులు సరిచూసుకునేవాళ్ళు. ఆయన జీవితంలో గర్వపడింది ఆ ఒక్కదానికే.

డెబ్బై ఒకటిలో ఖైరీ విదేశం నుంచి ఒక సింథసైజర్ తెప్పించాడు. ఏదో విశ్వవిద్యాలయం వద్దనుకున్నది, చెక్కపెట్టెల్లో ఓడ మీద వచ్చింది. విప్పి నిలబెడితే గోడంత ఉంది. ఒక్కో అరలో ఒక్కో ఇనపపెట్టె, పెట్టెనిండా నాబ్‌లూ చిల్లులూ. వాచ్‌మన్ అబ్దూ చుట్టూ తిరిగి చూసి, "ఇది టెలిఫోన్ ఆఫీసా, బట్టల బీరువానా?" అన్నాడు. అప్పటి నుంచి అందరికీ అది బీరువానే. ఒక పెట్టె నాదాన్ని పుట్టిస్తుంది, ఇంకోటి దాని పదును తగ్గిస్తుంది, ఇంకోటి లేపుతుంది, పడేస్తుంది. ఏ పెట్టె నుంచి ఏ పెట్టెకు తీగ కలపాలో, ఏ నాబ్ ఎంత తిప్పాలో మనిషే చూసుకోవాలి. తీగ పీకితే ఆ నాదం పోయినట్టే, నాబ్ కదిలితే పోయినట్టే. దానికి జ్ఞాపకమనేది లేదు.

పైగా ఎండకు శ్రుతి జారేది. పొద్దున పెట్టిన స్వరం మధ్యాహ్నానికి ఇంకోచోట ఉండేది. అందుకే ఖైరీ పియానో మేస్త్రీని పిలిపించాడు. బహ్గత్ మొదటిరోజు దాని చుట్టూ వాసన చూసినట్టు తిరిగి, "దీనికి తంతి లేదు, చెక్క లేదు. దేన్ని బిగించమంటారు?" అన్నాడు. నెల తిరిగేసరికి ఆయన్ని దాని ముందు నుంచి లేపడం మా వల్ల కాలేదు. ఆ నాదం అలాంటిది. వెచ్చగా, లావుగా ఉండేది, మొదట్లో చిన్న జంకు, తర్వాత గుండెల్లోకి నేరుగా దిగేది. ఎముకల్లో వినపడుతుందనేవాడు బహ్గత్. రోజూ ఏడింటికొచ్చి దాన్ని వేసి, వేడెక్కేదాకా టీ తాగి, ఫోర్కు మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో నాబ్ సరిచేసేవాడు. మూడేళ్ళలో ఒక్క పొద్దు తప్పలేదు.

డెబ్బై నాలుగు జులైలో సిత్ నబవియ్యా, అంటే నబవియ్యా అమ్మగారు, వచ్చింది. టాంటా అవతల కఫ్ర్ దిబాయా అనే పల్లెలో పెళ్ళిళ్ళకు పాడే మనిషి. యాభై దాటాయి. ముప్ఫై ఏళ్ళు తమ్ముడు సలామా అర్గూల్ ఊదుతుంటే పాడింది. అర్గూల్ అంటే జంట రెల్లుగొట్టాలు, ఒకటి కదలకుండా మోగుతుంటే రెండోది పలుకుతుంది. ఆ తమ్ముడు పోయాడు. ఆ తర్వాత ఈమె గొంతులో గడ్డ లేచింది. నెల తర్వాత ఒక సోమవారం ఆపరేషను, ఆపైన గొంతుండదని డాక్టర్లు చెప్పేశారు. పెళ్ళికూతురు పుట్టింటి వాకిలి దాటేటప్పుడు పాడే పాటొకటి ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. అది టేపు మీదికి ఎక్కించాలని ఖైరీ పట్టు. అర్గూల్ లేకుండా నోరు విప్పనని ఆమె పట్టు. వేరే వాయిద్యగాళ్ళు ముగ్గుర్ని తెస్తే ముగ్గుర్నీ మొదటి ఊపిరికే వెనక్కి పంపింది.

అందుకని బహ్గత్ బీరువాలో అర్గూల్ కట్టాడు. మూడు వారాలు పట్టింది. కింది స్వరం ఒక పెట్టెలో, పై స్వరం ఒక పెట్టెలో, రెల్లు జివ్వుమనే ఆ రొద ఇంకో నాలుగు పెట్టెల్లో. నలభై తీగలు వేలాడాయి. ఆయన చేసినవాటిలో అంత మంచి నాదం ఇంకోటి లేదు. నేను విన్నాను కాబట్టి చెబుతున్నాను.

ఆపరేషనుకు ముందు గురువారం మధ్యాహ్నం ఆమె చంకలో ఫితీర్ రొట్టెల మూటతో వచ్చి, బీరువాను పైనుంచి కిందికి చూసింది.

"ఏందయ్యా ఇది? మా సలామా ఇందులో దాక్కున్నాడా?"

బహ్గత్ మీట వేశాడు. రెండు స్వరాలూ లేచాయి. ఆమె నవ్వు ఆగిపోయింది. మూట కింద పెట్టి చాలాసేపు తల వంచుకుని వింది. తర్వాత నాలుక చప్పరించింది.

"కిందోడు మావోడే. పైవోడు మాత్రం పట్నపోడు. ఏది తిప్పితే దిగుద్ది?"

బహ్గత్ కాస్త ఆలోచించి ఆ నాబ్ చూపించాడు. ఆమె దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నువ్వుగింజంత తిప్పి, ఒక చరణం పాడింది. ఖైరీ కళ్ళజోడు తీసేశాడు. నాకు రాయడం చేతకాలేదు. ముత్యాల దస్తూరీ ఉండి లాభమేమిటి, ఆ స్వరాన్ని పెట్టడానికి నేను స్వరాలు రాసే అయిదు గీతల్లో చోటు లేదు.

"ఇదుగో, ఇక్కడుంటాడు మా సలామా. దీన్నెవరూ ముట్టుకోమాకండి" అంది.

మర్నాడు శుక్రవారం సెలవని టేపు మనిషి అప్పటికే ఇంటికెళ్ళిపోయాడు. ఆమె గొంతూ అలిసింది. శనివారం పొద్దున పదింటికి అనుకున్నాం. బీరువా ఆపకుండా అలాగే వదలమన్నాడు ఖైరీ. 'ముట్టరాదు' అని పెద్దక్షరాలతో నా చేత కాగితం రాయించి ఆ నాబ్‌ల మీద అంటించాడు.

మెట్లు దిగుతూ బహ్గత్ నాతో అన్నాడు. "చెవి గొప్పదే వదీ. కానీ పల్లెటూరి చెవి. నడుమ నుంచి వెంట్రుకవాసి దించేసింది. తప్పనను. సరైనది మాత్రం కాదు."

"ఆవిడ పాట, ఆవిడ ఇష్టం" అన్నాను.

"అంతే అంతే" అన్నాడు.

శనివారం నేను ఏడున్నరకు వెళ్ళాను. నా బల్ల దగ్గర కూర్చుని తామియా వడల శాండ్‌విచ్ తింటున్నాను. బహ్గత్ ఎప్పటిలాగే టీ పూర్తిచేసి, ఫోర్కు మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఒక్కో నాబ్ దగ్గరికి వెళుతూ ఆ కాగితం దగ్గర ఆగాడు. కాగితం అంచు పట్టి లేపాడు. నాబ్ తిప్పాడు. మళ్ళీ ఫోర్కు విన్నాడు, తల ఆడించాడు. కాగితాన్ని మళ్ళీ అంటించి, వేలితో నునుపు చేశాడు.

నేను చూశాను. నా నోట్లో ముద్ద ఉంది. ఆయన పని ఆయనకు తెలియదా అనుకున్నాను.

తర్వాత ఎన్నోసార్లు అడిగాను ఆయన్ని. అలవాటు మీద చేశావా, పట్టుదల మీద చేశావా అని. ఎండకు జారిందేమో అనుకున్నానని ఒకసారి చెప్పేవాడు. చెయ్యి దానంతటదే వెళ్ళిందని ఇంకోసారి. చివరికి, "నాకే తెలియదురా" అనేవాడు. అది నిజమేనని నమ్ముతాను. కానీ కాగితం ఎత్తి మళ్ళీ అంటించినవాడికి అలవాటనే సాకు పూర్తిగా చెల్లదు.

పదింటికి అందరూ వచ్చారు. టేపు తిరిగింది. రెండు స్వరాలూ లేచాయి. ఆమె అందుకుంది. పై స్వరం మీద గొంతు వాలగానే రెండూ ఒరుసుకుని వణికాయి. ఆమె ఆగింది. మళ్ళీ పాడింది, మళ్ళీ వణుకు. బీరువా వంక చూసింది. దగ్గరగా కూర్చున్నది నేను కాబట్టి నన్నే అడిగింది.

"ఎవరూ ముట్టుకోలేదుగా నాయనా?"

నేను కాగితాల్లోకి తల దించాను. వెనక నుంచి బహ్గత్ గొంతు వినిపించింది.

"లేదు సిత్. ఎవరూ ముట్టలేదు. కాగితం చూడండి, ఎక్కడిదక్కడే ఉంది."

ఆయన అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కసారే. ఖైరీకి ముక్కు మీద కోపం, ఎదురుగా పన్నెండుమంది ఫిడేళ్ళవాళ్ళు. విరామంలో గుట్టుగా సర్దేద్దామనుకున్నాడట బహ్గత్. విరామంలో నిజంగానే వెళ్ళి నాబ్ దించాడు. కానీ ఎంత దించాలో ఆయనకు తెలియలేదు. గురువారం ఆ స్వరాన్ని ఆయన పొరపాటుగా విన్నాడు. పొరపాటని విన్నదాన్ని ఆయన చెవి దాచుకోలేదు. ఈసారి మరీ కిందికి దిగిపోయింది. నాలుగోసారి పాడేసరికి ఆమె గొంతు చీలింది.

ఆమె కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగి నవ్వింది.

"యంత్రం అబద్ధమాడదు గదా. నా చెవే పోయింది. గొంతు సోమారం పోద్దనుకుంటే చెవి రెండ్రోజులు ముందే పోయింది."

"అలా అనకు సిత్. అలిసిపోయావు. సాయంత్రం చూద్దాం" అన్నాడు ఖైరీ.

"సాయంత్రానికి కొత్త చెవి మొలుస్తదా?" అంది. లేచి, మిగిలిన ఫితీర్ మూట తెచ్చి బహ్గత్ చేతిలో పెట్టింది. "మంచిగా కట్టావయ్యా మా సలామాని. నేనే అందుకోలేకపోయా. తినండి" అని వెళ్ళిపోయింది. సోమవారం గొంతు తీసేశారు.

ఆ తర్వాత బహ్గత్ మునుపటి మనిషి కాడు. బీన్స్ కుండ ఎలా పలికినా ఆగేవాడు కాదు. పనయ్యాక ఒక్కడే బీరువా ముందు కూర్చుని ఆ ఒక్క నాబ్‌ని గింజంత అటూ గింజంత ఇటూ తిప్పుతుండేవాడు. "ఇదేనా వదీ?" అని అడిగేవాడు. నేను ఒకరోజు అవుననీ ఇంకోరోజు కాదనీ చెప్పేవాణ్ణి. నాకేం తెలుసు? వెళ్ళి ఆమెకు చెప్పెయ్యమని ఒకటి రెండుసార్లన్నాను. "పండగ వెళ్ళనీ" అనేవాడు. పదకొండేళ్ళ పండగలు వెళ్ళాయి.

ఎనభై అయిదుకల్లా కొత్తరకం కీబోర్డులొచ్చాయి. మీట నొక్కితే నిన్నటి నాదం ఇవాళ పొల్లుపోకుండా పలుకుతుంది. ఖైరీ కొడుకు దాన్ని బల్ల మీద పెట్టి ఎలా గుర్తుంచుకుంటుందో చూపించాడు. బహ్గత్ విని, "ఇదేదో అప్పుడే రావాల్సింది" అన్నాడు. బీరువాను ముక్కలు ముక్కలుగా అమ్మేస్తుంటే రెండు పెట్టెలు మాత్రం తనకిమ్మని అడిగాడు. కింది స్వరానిదీ, పై స్వరానిదీ. వాటికి కరెంటందించే ఏర్పాటూ ఒక రేడియో స్పీకరూ తానే బిగించుకుని, ఒక శుక్రవారం నన్ను వెంటబెట్టుకుని టాంటా రైలెక్కాడు.

రైల్లో ఊరొస్తుండగా అన్నాడు. "నా సంగతి నేను చెప్పుకుంటాను. నీది ఎత్తను. అది నీ ఇష్టం."

నబవియ్యా వాకిట్లో చాప మీద కూర్చుని ములూఖియా ఆకు దూస్తోంది. గొంతుకు నల్ల రుమాలు. పక్కన మేనకోడలు ఇన్సాఫ్. ఆమె పెదాలు కదిపితే ఇన్సాఫ్ చదివి పైకి చెబుతుంది.

"అత్త గుర్తుపట్టింది. బీరువా మేస్త్రీ గదా అంటంది. చిక్కిపోయావంట."

బహ్గత్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. శనివారం పొద్దున, ఫోర్కు, కాగితం, విరామం, అన్నీ. ఎవరూ ముట్టలేదని తాను చెప్పిన మాటతో సహా. ఆమె చేతిలో ఆకు ఆగిపోయింది. ముఖంలో ఏమీ తెలియలేదు. అర్థం కాలేదేమో అనుకుని ఆయన పెట్టెలు చాప మీద పెట్టి తీగలు కలిపాడు. కింది స్వరం లేచింది, పై స్వరం ఫోర్కు పలికే చోటే లేచింది. సలామా రొద లేదు, వట్టి రెండు నాదాలు. వాకిట్లో కోళ్ళు పక్కకు తప్పుకున్నాయి.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని నాబ్ పట్టుకుంది. వెతకలేదు. ఒక్కసారే తిప్పింది. రెండు నాదాల మధ్య వణుకు నెమ్మదించి పోయింది, గాలి ఆగినట్టయింది. మేం పదకొండేళ్ళు వెతికిన చోటు అదే. ఆ గురువారం విన్నవాణ్ణి, నాకూ తెలిసింది. బహ్గత్ అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

ఆమె నాబ్ మీద చెయ్యి అలాగే ఉంచి పెదాలు కదిపింది.

"అత్త అడుగుతంది. ఆ పొద్దే ఎందుకు చెప్పలేదని."

ఇన్సాఫ్‌కి కోపం ఆగక తనమాటగా అంది. "ఊళ్ళో ఆడపిల్లలు పాటలు నేర్పమని వచ్చి ఈ గడపలో కూసునేవోళ్ళు. గొంతు లేకపోతే ఏం, నేను పాడతా, తప్పుంటే చెయ్యి ఊపు అని నేనూ బతిమాలా. నా చెవి చెడింది, తప్పుడు పాట నేర్పుతానేమో, పొండి అని తరిమేసేది. వోళ్ళందరికీ పెళ్ళిళ్ళయిపోయినయ్. క్యాసెట్లు పెట్టి చేసుకున్నారు. వాకిలి పాట ఇప్పుడెవరికీ రాదు."

నబవియ్యా ఆమె చెయ్యి తట్టి ఆపి, మళ్ళీ పెదాలు కదిపింది. ఈసారి మెల్లగా, మాకు కూడా తెలిసేటట్టు.

"గొంతు దేవుడు తీసుకున్నాడు. చెవి నువ్వు తీసుకున్నావ్ అంటంది" అంది ఇన్సాఫ్.

అంతే. తిట్టలేదు, పొమ్మనలేదు. వేళయిందని అన్నం పెట్టింది. బాతు, అన్నం, అప్పుడే వండిన ములూఖియా. ఇంటికొచ్చినవాళ్ళు తినకుండా వెళ్ళడం ఆ ఊళ్ళో లేదు. బహ్గత్ ముద్ద ముద్దకూ నీళ్ళు తాగుతూ తిన్నాడు. పెట్టెలు అక్కడే ఉంచమని ఆయన అంటే ఆమె తల అడ్డంగా ఊపి, తీగలు తానే పీకి చుట్టి ఆయన చేతికిచ్చింది. ఆకురాయి పెట్టిన ఆ ఫోర్కుని ఆయన మళ్ళీ మోగించలేదు. చనిపోయే ముందు నాకిచ్చాడు. నా బల్ల సొరుగులో ఉంది, నేనూ మోగించను.

నాకు మాత్రం ఆ రోజు ఆకలి బాగానే ఉంది. ఆమె నా పళ్ళెంలో బాతు తొడ వేసింది. చెబుదామని తల ఎత్తాను. నన్నే చూస్తోంది, ఆ శనివారం చూసినట్టే. పెదాలు కదిపింది.

"నిన్ను దీవిస్తంది అన్నా" అంది ఇన్సాఫ్. "ఈయన మనసు మార్చి ఇంతదూరం తోడొచ్చింది నువ్వేనంట. నీలాంటి నిజమైన మనిషి ఆ రోజు అక్కడుండి ఉంటే ఎంత బాగుండేదో అంటంది. నువ్వక్కడున్నట్టు అత్తకి గుర్తులేదు."

నోట్లో ముద్ద ఉంది. మింగి, తల వంచి, ఆమీన్ అన్నాను.